అతుకు వీడిన సముద్రం

2022 డిసెంబరు 16, శుక్రవారం. బెర్లిన్‌లో ఇంకా తెల్లవారలేదు. ఆరు గంటలకు పావుగంట తక్కువ. బయట నీళ్లు గడ్డకట్టే చలి. ఊరి నడిబొడ్డున, స్ప్రే నది పక్కన, పెద్ద చర్చికి దగ్గర్లో ఉన్న హోటల్లో అతిథులు నిద్రలో ఉన్నారు. హోటల్ లాబీ మధ్యలో నిలబడ్డ అక్రిలిక్ తొట్టిలో 1,500 చేపలు ఉన్నాయి. చిలక చేపల్లో కొన్ని జాతులు పడుకునే ముందు జిగురు వదిలి, ఒంటి చుట్టూ పల్చటి తెరలా కట్టుకుని అందులో నిద్రపోతాయి. సముద్రంలో ఆ తెర వాటికి కాపలా.

ఆ తొట్టి ఒక్కసారిగా విచ్చిపోయింది. ముందుగా కారడం లేదు, బీట కనిపించడం లేదు. పది లక్షల లీటర్ల ఉప్పునీరు లాబీ మీద విరుచుకుపడి, బల్లలనూ కుర్చీలనూ తలుపులనూ ఈడ్చుకుంటూ కార్ల్ లీబ్‌క్నెఖ్ట్ వీధిలోకి దూకింది. పై గదుల్లో ఉన్నవాళ్లు భూకంపం వచ్చిందనుకుని లేచారు. గాజు పెంకులు గుచ్చుకుని ఇద్దరికి దెబ్బలు తగిలాయి, అంతే. ఒక గంట ఆలస్యంగా జరిగి ఉంటే ఆ లాబీలో ఎందరుండేవారో తలుచుకుని ఊరంతా గుండె మీద చెయ్యి వేసుకుంది. నగర మేయర్ కూడా అదే మాట అన్నారు.

మనుషులు బతికారంటే ఎవరికైనా సంతోషమే. నాకూ సంతోషమే. కానీ ఆ రోజు వార్తల్లో చేపలకు దక్కింది ఒకటి రెండు వాక్యాలు. హోటల్లో దిగిన ఒక జర్మన్ పార్లమెంటు సభ్యురాలు కిందికి వచ్చి చూస్తే, పెద్ద చిలక చేప ఒకటి నేల మీద చలికి బిగుసుకుపోయి పడి ఉంది. ఉష్ణమండలపు పగడపు దిబ్బల్లో, ఇరవయ్యారు డిగ్రీల నీటిలో బతికే ప్రాణి అది. గడ్డకట్టే వీధి పక్కన చావడం దాని జాతిలో దేనికీ రాసిపెట్టి లేదు.

అక్వాడోమ్ అన్న ఆ తొట్టిని 2003 డిసెంబరులో తెరిచారు. కోటీ ఇరవై లక్షల యూరోలకు పైగా ఖర్చయింది. నిలువుగా ఉన్న గుండ్రటి తొట్ల లోకెల్లా ప్రపంచంలో పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అడ్డకొలత పదకొండున్నర మీటర్లు. మన పల్లెల్లో రక్షిత మంచినీటి పథకం కింద కట్టే 90 వేల లీటర్ల ట్యాంకులు పదకొండు కలిపితే ఎన్ని నీళ్లో, అన్ని నీళ్లు ఒక్కచోట, పక్కన ఇనుమూ సిమెంటూ ఏమీ లేకుండా, కంటికి అడ్డం రాని గోడ మధ్య నిలబెట్టారు. మధ్యలో గొట్టంలాంటి ఖాళీ ఉంచి అందులో అద్దాల లిఫ్టు పెట్టారు. మనుషులు ఆ లిఫ్టులో నిలబడి, చుట్టూ చేపలు తిరుగుతుండగా, కింది నుంచి పైకి సముద్రం గుండా వెళ్లేవారు. రోజూ ముగ్గురు నలుగురు గజ ఈతగాళ్లు లోపలికి దిగి చేపలకు మేత వేసి, గోడకు పట్టిన పాచి తుడిచేవారు.

బయటి గోడ ఒక్క పలక కాదు. అమెరికాలో పోత పోసిన 41 పలకలను బెర్లిన్‌కు తెచ్చి, అక్కడే ఒకదానికొకటి అతికించారు. చూసేవాళ్లకు ఆ అతుకులు తెలిసేవి కావు. తెలియకుండా చేయడమే అక్రిలిక్ పనివాడి గొప్పతనం. అదే పనితనం తర్వాత వచ్చేవాళ్ల కళ్లకు అడ్డం కూడా పడుతుంది. గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని చోట, గోడను రోజూ తడిమి చూడాలన్న తలంపు ఎవరికి వస్తుంది? అందరూ చేపలనే చూస్తారు.

అక్రిలిక్ పుట్టింది కూడా జర్మనీలోనే. డార్మ్‌స్టాట్ నగరంలో ఒట్టో రోహ్మ్ కంపెనీ 1933లో ప్లెక్సిగ్లాస్ అన్న పేరు నమోదు చేయించుకుంది. మామూలు గాజుకు ఒక రంగు ఉంటుంది. మందం పెరిగేకొద్దీ ఆకుపచ్చ తేలుతుంది. అక్రిలిక్‌కు ఆ బాధ లేదు. తనమీద పడ్డ వెలుతురులో నూటికి తొంభై రెండు పాళ్లు అవతలికి పంపుతుంది. గాజులో సగం కంటే తక్కువ బరువు. దెబ్బ తగిలితే గాజంత తేలిగ్గా ముక్కలు కాదు. గీత పడితే సానపట్టి పోగొట్టవచ్చు. ఇన్ని మంచి గుణాలున్న సరుకుకు రెండు బలహీనతలున్నాయి: లోపల ఇరుక్కున్న ఒత్తిడిని అది ఏళ్ల తరబడి మోస్తూ పోతుంది, పైకి చెప్పదు. ఇంకొకటి, అది నీటిని తాగుతుంది. మరీ కొద్దిగానే, బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లు. తాగి కొంచెం ఉబ్బుతుంది, ఎండితే కొంచెం ముడుచుకుంటుంది. ఏళ్ల పాటు లోపలి వైపు తడిగా, బయటి వైపు పొడిగా ఉన్న గోడను ఖాళీ చేసి ఎండబెడితే, ఆ ముడత ఎక్కడ లాగుతుందో కంటికి కనిపించదు.

కూలిపోవడానికి కొన్నేళ్ల ముందు అక్వాడోమ్‌ను ఖాళీ చేసి బాగుచేశారు. తర్వాత మళ్లీ నింపారు. కూలాక కారణం వెతికే పని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ప్లాస్టిక్ నిపుణుడైన క్రిస్టియన్ బోంటెన్‌కు అప్పగించారు. ఆయన బృందం ముక్కలన్నీ ఏరి, పేర్చి, పరిశీలించి 2023 అక్టోబరులో మూడు అనుమానాలు చెప్పింది. పలకల మధ్య జిగురు అతుకు వీడి ఉండవచ్చు. బాగుచేసేటప్పుడు అడుగున ఏదో తగిలి సొట్ట పడి, అక్కణ్నుంచి చీలిక పాకి ఉండవచ్చు. లేదా ఖాళీగా ఉన్న రోజుల్లో అక్రిలిక్ ఎండిపోయి దెబ్బతిని ఉండవచ్చు. ఈ మూడింటిలో ఇదీ అని తేల్చడం కుదరలేదు. వెయ్యి టన్నుల నీళ్లు తోసిన ముక్కలు ఒకదాన్నొకటి కొట్టుకుని, ఏ దెబ్బ ముందుదో ఏది తర్వాతిదో తెలిపే గుర్తులను చెరిపేశాయి.

చావు జరిగిన ఇంట్లో కారణం తెలిస్తే దుఃఖానికి ఒక ఆసరా దొరుకుతుంది. అక్వాడోమ్‌కు ఆ ఆసరా కూడా దక్కలేదు. ఆ మూడు అనుమానాలనూ నేను పదే పదే చదివాను. మూడింటిలోనూ ఒకే విషయం కనిపిస్తుంది. ఆ నష్టం తెల్లవారుజామున పుట్టలేదు. అప్పటికే ఉంది. లిఫ్టు ఎక్కిన వాళ్లు ఫొటోలు తీసుకుంటున్నప్పుడూ ఉంది, ఈతగాళ్లు గోడ తుడుస్తున్నప్పుడూ ఉంది.

మా ఊళ్లో పోయింది దీని ముందు ఎంత? నాలుగడుగుల తొట్టి. అయినా బెర్లిన్ సంగతి రాస్తుంటే చెయ్యి అటే పోతోంది.

మా గంపలగూడెం నుంచి సముద్రం నూరు కిలోమీటర్ల పైమాటే. మాది మామిడి, మిరప, పత్తి, వరి పండే మెట్ట సీమ. అవతల అడుగు వేస్తే తెలంగాణ. నెమలి వేణుగోపాలస్వామి తిరునాళ్లకు తప్ప బయటివాళ్లు పనిగట్టుకుని వచ్చే దారి కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం. మచిలీపట్నం తీరమంతా కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. అప్పటిదాకా కాగితం మీదైనా మాకు సముద్రం ఉండేది. ఆ తర్వాత అదీ లేదు. మా అక్క కొడుకు ఇంట్లో సముద్రం కట్టుకోవాలనుకున్నది ఆ మరుసటి ఏడు.

వాడికి చేపల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్, ఆస్కార్, అన్నీ పెంచాడు. ఉప్పునీటి చేపల మీదికి మనసు పోయాక ఇక మంచినీటివి ఆనలేదు. అక్వాడోమ్ కూలిన వీడియో నాకు చూపించింది వాడే. "ఇది అతుకు దగ్గర పోయినట్టుంది మావయ్యా. మనది నాలుగడుగులేగా, మనకేం భయం లేదు" అన్నాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నింపితే నాలుగు వందల లీటర్ల పైన. స్టాండుతో, రాళ్లతో కలిపి అర టన్ను బరువు ఇంటి గచ్చు మీద.

గాజు తొట్టి అయితే ఎక్కడైనా దొరుకుతుంది. వాడికి మూలలు వంపు తిరిగిన అక్రిలిక్ కావాలి, కొలతలిచ్చి చేయించుకున్నది కావాలి. మన వైపు అక్రిలిక్ పని అంటే ప్రధానంగా బోర్డుల పని. దుకాణాల ముందు వెలిగే అక్షరాలు, ఆఫీసు నేమ్‌ప్లేట్లు, షీల్డులు చేసేవాళ్లు. వాళ్లది గట్టి చేయి, శుభ్రమైన పని. కానీ అక్షరం నీళ్లు మోయదు. పలకను లేజర్‌తో కోస్తే అంచు అద్దంలా మెరుస్తుంది, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ కోతలో పుట్టిన వేడి అంచు లోపల ఒత్తిడిగా ఉండిపోతుంది. దానికి క్లోరోఫామ్ లాంటి ద్రావకం తగిలితే ఆ ఒత్తిడి వెంట్రుకంత సన్నటి నెర్రెలుగా బయటపడుతుంది. కొన్నిసార్లు అప్పుడే, కొన్నిసార్లు నెలలు పోయాక. నీళ్లు మోయాల్సిన అంచును రౌటర్‌తో చెక్కి, వేడి పెట్టెలో ఉంచి నిదానంగా చల్లార్చి, ఆ తర్వాత అతికించాలి. రెండడుగుల ఎత్తు నీటికి పలక మందం 18 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. వాడికి దొరికింది 12. పైన చుట్టూరా పట్టీ వేయించాడు కాబట్టి నిలబడింది. నింపాక ముందు పలక నడిమిలో కొద్దిగా ఉబ్బడం చేత్తో తడిమితే తెలిసేది.

ఆ తర్వాత నీళ్లు. మా బోరు నీళ్లు ఎంత చవుడో వంటింట్లో గిన్నెల అడుగున పట్టే తెల్లటి పెచ్చు చెబుతుంది. పక్క ఎ.కొండూరు మండలంలో మంచినీటి కోసం జనం పడ్డ బాధ రాష్ట్రమంతా విన్నదే. వాడు ఆర్‌ఓ మిషను పెట్టి, దాని వెనక ఇంకో ఫిల్టరు తగిలించి, టీడీఎస్ మీటరు సున్నా చూపించేదాకా వడగట్టాడు. అందులో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం తగు పాళ్లలో ఉన్న మిశ్రమం ప్రత్యేకంగా దొరుకుతుంది. చిన్న గాజు పరికరంలో ఒక చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే సాంద్రత 1.025 దగ్గర గీత నిలవాలి. ఆ గీత నిలిచిన రోజు వాడు నాకు ఫోన్ చేశాడు. పెళ్లి కుదిరినవాడి గొంతు అది.

అప్పుడు కూడా చేపలు వెయ్యకూడదు. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టరు లోపల చేరి ఇల్లు కట్టుకోవాలి. అందుకు నెలా నెలన్నర పడుతుంది. వాడు అన్నాళ్లూ చేపలు లేని తొట్టి ముందు కూర్చున్నాడు. రాళ్ల మీద గోధుమరంగు పాచి పట్టింది, పోయింది. టెస్టు సీసాలో ఆకుపచ్చ క్రమంగా పసుపుకు తిరిగింది. పగడాల జోలికి పోలేదు. బతికున్న పగడాన్ని సముద్రం నుంచి తీయడం, అమ్మడం 2001 నుంచి మన దేశంలో నేరం. పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. ఆ చట్టం మంచిదని వాడూ అనేవాడు. చేపల్లో కూడా సముద్రంలో వల వేసి పట్టినవి వద్దన్నాడు. అలంకారానికి అమ్మే సముద్రపు చేపల్లో చాలా జాతులు ఇవాళ్టికీ దిబ్బల మీద పట్టి తెచ్చేవే. క్లౌన్ చేప సంగతి వేరు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు విళింజంలో, మండపంలో దాన్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే పద్ధతి నిలబెట్టారు. అలా హేచరీలో పుట్టిన జంటను వాడు తెప్పించాడు. నారింజ రంగు ఒళ్లు, మూడు తెల్ల పట్టీలు. వాటితో పాటు కొన్ని నీలం డామ్సెల్‌లు, ఒక శుభ్రం చేసే రొయ్య.

మా అక్కకు మొదట ఇదంతా గిట్టలేదు. కరెంటు బిల్లు, ఆరబెట్టిన బట్టల మీద ఉప్పు చారలు, వేసవిలో నీళ్లను చల్లబరిచే చిల్లరు రొద. మా తిరువూరు వైపు ఎండల్లో మనుషులే తట్టుకోలేరు, సముద్రపు చేపకు తొట్టి నీళ్లు వేడెక్కకూడదు. సణుగుతూనే ఉండేది. ఒకరోజు తులసి కోట దగ్గరి చిన్న మట్టి పిడత ఒకటి కడిగి, "ఆ పెద్దదానికి దాక్కోవడానికి చోటే లేదురా" అని తెచ్చి ఇచ్చింది. క్లౌన్ చేపలు సముద్రంలో ఎనిమోన్ అనే జీవి చేతుల మధ్య దూరి బతుకుతాయి. ఇక్కడ అది లేదు. పిడతను చూసిన నాటి నుంచి జంట రెండూ అందులోనే. పెద్దది ఆడది. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ మాట విన్నాక అక్క దానికి మేత వేసేటప్పుడు "దా అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. పిలిస్తే వచ్చేది కూడా. పిడత అంచు దాకా వచ్చి, అక్క వేలు ఉన్న చోట పలకను ముక్కుతో పొడిచేది.

2024 ఆగస్టు చివరి వారంలో పిడత లోపలి గోడకు గుడ్లు పెట్టింది. నారింజ రంగు, గసగసాల కంటే కాస్త పెద్దవి, వత్తుగా, వరసగా. ఆడది పెట్టి పక్కకు తప్పుకుంటే మగది కాపలా కాస్తుంది. రెక్కలతో గుడ్ల మీదికి నీళ్లు విసురుతుంది, తెల్లబడి చెడిన గుడ్డును నోటితో ఏరి పారేస్తుంది, వారం దాకా ఆ చోటు విడవదు. పొదిగేది తండ్రని తెలిసి మా బావ కూడా వచ్చి తొట్టి ముందు కుర్చీ వేసుకున్నాడు.

ఆగస్టు 31, శనివారం. ఆ వాన కృష్ణా తీరమంతా మరిచిపోలేనిది. కట్టలేరు పొంగి వినగడప దగ్గర దారి మునిగింది. విజయవాడలో బుడమేరు ఊళ్లోకి వచ్చింది. సింగ్‌నగర్‌లో మేడల మీద నిలబడి జనం అన్నం పొట్లాల కోసం చేతులు చాచారు. మనుషులు పోయారు. ఆ రోజు చేపల గురించి మాట్లాడటం తగదని తెలిసే మా అక్క చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతున్నాను. ఒక దుఃఖాన్ని ఇంకో దుఃఖంతో తూకం వేసి, తేలిగ్గా ఉన్నదాన్ని పారేయడం మా ఇంట్లో అలవాటు లేదు.

మేనల్లుడు విజయవాడలో చిక్కుకుపోయాడు. ఇంట్లో కరెంటు పోయింది. పంపులు ఆగాయి. కదలని నీటిలోకి గాలి సరిగా చేరదు. ఉప్పునీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ కరుగుతుంది, వేడెక్కిన నీటిలో ఇంకా తక్కువ. సిగ్నలు పోయే ముందు వాడు తల్లికి ఒక్క మాట చెప్పగలిగాడు: "నీళ్లు చెంబుతో ముంచి పైనుంచి పొయ్యమ్మా, ఆపకు." ఆవిడ పోసింది. స్టూలు వేసుకుని, చెంబుతో ముంచి, చెయ్యెత్తి, సన్నటి ధారగా. చెయ్యి మారుస్తూ, మధ్యలో బావకు ఇస్తూ, మళ్లీ తీసుకుంటూ. బయట ఊరంతా నీళ్లు. లోపల నీళ్లలోనే ఊపిరి అందని ప్రాణులు. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి పంపు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తొట్టి మీద లక్షలు పెట్టిన ఇంట్లో అది లేదు.

ఆ రాత్రి గడిచింది. టార్చి వేసి చూస్తే డామ్సెల్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కానీ బతికున్నాయి. మగ క్లౌన్ పైకి రాలేదు. పిడత దగ్గరే ఉండి, ఎంత నెమ్మదిగానైనా, రెక్క ఆడిస్తూనే ఉందని అక్క చెప్పింది. గుడ్లలో అప్పటికి కళ్లు కనిపిస్తున్నాయట, వెండి చుక్కల్లా.

ఆదివారం మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. అక్క దేవుడికి దండం పెట్టుకుంది. స్విచ్చులన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. అన్నీ వాటంతట అవే తిరిగాయి. తొట్టి కింద మూత బిగించిన డబ్బా ఫిల్టరు ఒకటి ఉంది. ముప్పై గంటల పాటు అందులో నీళ్లు కదలలేదు. లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్ వాడుకుని, ఊపిరాడక చచ్చి, కుళ్లింది. ఆ కుళ్లిన నీరంతా ఒక్క దెబ్బన తొట్టిలోకి వచ్చి పడింది. గదిలో మురిగిన కోడిగుడ్డు వాసన వచ్చిందట. ఫిల్టరు తిరిగేముందు విప్పి కడగాలన్న సంగతి చెప్పాల్సినవాడు ఫోనుకు అందలేదు. రాత్రంతా చెంబుతో నిలబెట్టిన ప్రాణాలు సాయంత్రానికి పోయాయి. డామ్సెల్‌లు ముందు, రొయ్య తర్వాత. ఆడ క్లౌన్ పక్కకు వాలింది. మగది పిడత నోటికి అడ్డంగా పడి ఉంది. గుడ్లు లోపలే ఉన్నాయి.

బెర్లిన్‌లో ఒక్క క్షణం, ఇక్కడ రెండు రోజులు. అక్కడ నీళ్లు పోయి చచ్చాయి, ఇక్కడ నీళ్లుండీ చచ్చాయి. ప్రేమ తక్కువై కాదు. అక్వాడోమ్ చేపలకు రోజూ మనుషులు దిగి మేత వేశారు. మా అక్క భుజం చాన్నాళ్లు పైకి లేవలేదు. సముద్రంలో అలకు కరెంటు అక్కర్లేదు, తీరానికి అతుకు లేదు, నీటిని కడిగే పని కోట్ల జీవుల మీద పంచుకుని ఉంటుంది. దాన్ని తెచ్చి గదిలో పెట్టిన రోజున ఆ పనులన్నీ ఇంటివాళ్ల మీదికి వస్తాయి, ఒక్క గంట సెలవు లేకుండా. చేపకు ఆ ఒప్పందం తెలియదు. అది పిలిస్తే వచ్చి వేలు పొడుస్తుంది.

వారం పోయాక వాడు వచ్చి తొట్టి ఖాళీ చేశాడు. నేనూ ఉన్నాను. అడుగు తుడిచి, సెల్లు లైటు పక్కవాటుగా వేసి చూస్తే ఎడమ మూల కింది అతుకు వెంబడి తెల్లటి సన్న గీతలు, జానెడు పొడవున, ఒకదాని పక్కన ఒకటి. అంచు నుంచి లోపలికి పాకుతున్నాయి. నీళ్లుండగా అవి కనిపించలేదు. వాడు గోటితో తడిమి, "ఇంకో వేసవి కూడా ఆగేది కాదు మావయ్యా" అన్నాడు. వాన రాకపోయినా, కరెంటు పోకపోయినా, ఆ నాలుగు వందల లీటర్ల పైన నీళ్లు ఏదో ఒక రాత్రి ఆ గదిలోకి వచ్చేవే.

అక్వాడోమ్‌లో అడుగున మిగిలిన నీళ్లలో కొద్ది చేపలు దొరికాయి. దాని కింది అంతస్తు తొట్లలో కొన్ని వందల చేపలు ఉంటే, కరెంటు పోయిన ఆ చలిలో అగ్నిమాపక సిబ్బంది, జంతుశాల వాళ్లు కలిసి వాటిని తరలించి బతికించారు. ఆ కబురు మొదట చదివినప్పుడు పెద్దగా ఆగలేదు. మా అక్క చెంబు చూశాక మళ్లీ వెతికి చదివాను. భవనం సొంతదారులు ఆ తొట్టిని తిరిగి కట్టబోమని ప్రకటించారు. సరైన నిర్ణయమని నా అభిప్రాయం. పది లక్షల లీటర్ల సముద్రాన్ని జనం లిఫ్టు ఎక్కడం కోసం నిలబెట్టక్కర్లేదు.

మా వాడి సంగతి అంత గట్టిగా చెప్పలేను. చిల్లరు అమ్మేశాడు, లైట్లు ఉంచుకున్నాడు. ఈ సంక్రాంతికి వెళ్తే టేబుల్ మీద తెల్లకాగితం, దాని మీద కొత్త కొలతలు. పొడవు మూడడుగులే, ఎత్తు అడుగున్నర, మందం పద్దెనిమిది. అక్క కాఫీ తెచ్చి పక్కన పెడుతూ ఆ కాగితం వంక చూసింది.

"చేపల సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు ఆ ఇన్వర్టరు కొనుక్కురా" అంది. "దాంతోపాటు ఆ డబ్బా మూత ఎట్లా విప్పాలో నాకు నేర్పు."